దించిన ఘటం

ఉగాదికి ముందొచ్చే కొత్తమాస ఇంకా నాలుగు రోజులుందనగా లిలువా రైల్వే క్వార్టర్ల వెనక కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని అప్పాయమ్మ ఘటాన్ని చింతపండుతో తోముతోంది. ఇత్తడి ఘటం. ఏడాది పొడుగునా అటక మీద గోనెపట్టాలో ఉంటుంది, నూకాలమ్మ పండక్కి దిగుతుంది. మెడ దగ్గర అతుకులో నలుపు ఒక పట్టాన వదలదు. కొబ్బరిపీచుకి బూడిద అద్ది, చంటిపిల్లాడి చెవి వెనక మట్టి తీసినట్టు బొటనవేలితో మెల్లగా తీస్తోంది.

వెనకాల ఎవరో నిలబడ్డట్టనిపించి తిరిగి చూసింది. మనవడు హరిచరణ్. చొక్కా లేదు. జుట్టు చెదిరిపోయి ఉంది. హోలీ నాటి గులాబీ రంగు చెవి పక్కన ఇంకా అలాగే ఉంది.

"ఆ నీళ్ళెక్కడివి మామ్మా?"

"కుళాయివిరా. మరి గంగమ్మ నడిచొచ్చి నా సెంబులో పోసిందనుకున్నావేటి?"

వాడు నవ్వలేదు. ఎప్పుడైనా ఇలాంటి మాటకి వాడే ముందు నవ్వేవాడు. వంగి బకెట్లోకి చూశాడు, వాసన చూశాడు, కాలితో తన్నేశాడు. నీళ్ళు అప్పాయమ్మ చీర కుచ్చిళ్ళ కిందుగా కాలవలోకి పోయాయి.

"కలిపీసారు. అందులో కలిపీసారు. తాగకు."

అప్పుడే పిచ్చయ్య వచ్చాడు. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి, పండగ పెత్తనమంతా ఆయనదే. "వదినా, ఖరగ్‌పూర్ నుంచి డప్పులోళ్ళని మాటాడీసేను, ఈసారి మోత మోగిపోవాల" అంటూనే సందు తిరిగాడు. తిరిగి అక్కడే ఆగిపోయాడు.

హరిచరణ్ ఆయన వైపు వేలు చూపించాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, రెప్ప పడటం లేదు.

"తలుపులు మూసీండి! వాళ్ళొస్తన్నారు. సంచి నాది. నా సంచి నాకిచ్చియ్యండి!"

ఆ గొంతు వాడిది కాదు. పిచ్చయ్య చెప్పులు విడిచేశాడు. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. "వదినా, అమ్మే కదా?" అన్నాడు గుసగుసగా.

ఆ పేటలో ఎవరి మీదికి అమ్మవారు వచ్చినా, నిజంగా వచ్చిందో లేదో చెప్పేది అప్పాయమ్మే. ఏటా ఘటం ఎత్తేది ఆమె. ఆమె ఔనంటే ఔను.

అప్పాయమ్మ మనవడి కళ్ళలోకి చూసింది. ఆ ఎరుపు ఆమె ఇవాళ కొత్తగా చూడటం లేదు. వాడి తలగడ గలీబు ఉతికినప్పుడల్లా వచ్చే వాసన ఏమిటో కూడా తెలుసు. గంగ ఒడ్డున బైరాగుల దగ్గర వచ్చే వాసనే. తెలిసే, రోజూ పొద్దున్నే వాడి గదిలో సాంబ్రాణి వేసింది. ఆ పొగలో ఇంక దేన్నీ వెతుక్కోవాల్సిన పని లేకుండా చేసుకుంది.

గుమ్మంలో కోడలు నీరజ నిలబడి ఉంది. కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె వెనక గోడ మీద ఆమె భర్త గోపీనాథ్ ఫొటో. పోయినేడు పని మీదుండగానే పోయాడు. ఆ రైల్వే ఉద్యోగం కొడుక్కి ఇస్తామన్నారు. ఉగాది వెళ్ళాక మెడికల్ పరీక్ష. అది గట్టెక్కితే ఈ క్వార్టరు ఉంటుంది. నీరజ అత్తగారిని చూసింది.

అప్పాయమ్మ చింతపండు పిప్పి కిందపడేసి చేతులు కడుక్కుంది.

"అమ్మే పిచ్చయ్యా," అంది.

మధ్యాహ్నానికి పేటంతా వచ్చి పడింది. ముందు గదిలో పీట వేసి వాణ్ణి కూర్చోబెట్టారు. మెడలో బంతిపూల దండ, చేతిలో వేపమండ. ఆడవాళ్ళు పసుపునీళ్ళు తెచ్చి కాళ్ళ మీద పోస్తే వాడు కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. "అమ్మకి కోపంగున్నాది" అన్నారు.

వీధి చివరి దాలమ్మ, కూతురికి సంబంధం కుదురుతుందా అని అడిగింది. వాడు ఆమె చేతిలోని ఫోను వైపే చూస్తూ, "అందులోంచి ఇంటన్నారు. అన్నీ ఇంటన్నారు" అన్నాడు. దాలమ్మ అదిరిపడి ఫోనుని కొంగులో చుట్టేసింది. ఆ వెంటనే గదిలో ఉన్నవాళ్ళంతా తమ తమ ఫోన్లు తీసుకెళ్ళి వంటింట్లో బియ్యం డబ్బాలో పడేశారు. సాయంత్రం దాకా బియ్యంలోంచి రకరకాల పాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

మధ్య మధ్య వాడు ఒకటే మాట అంటున్నాడు. "సంచి నాది."

అమ్మవారు సంచి అడుగుతోందని తేల్చింది పిచ్చయ్యే. అంతకు ముందెప్పుడూ అడగనిది అడిగిందంటే ఏదో గొప్ప మేలు జరగబోతోందన్నాడు. దాలమ్మ కూతురు మిషను మీద పసుపుగుడ్డతో సంచి కుట్టింది. అందులో బియ్యం పోసి, పసుపుకొమ్ములు వేసి, మూతి బిగించి వాడి ఒళ్ళో పెట్టారు. వాడు దాన్ని తడిమి చూశాడు. మూతి విప్పి లోపల చెయ్యి పెట్టి, గుప్పెడు బియ్యం తీసి, అరచేతిలో పోసుకుని చూశాడు. ఏడవడం మొదలెట్టాడు.

"అమ్మ సంతోషించింది" అన్నాడు పిచ్చయ్య కళ్ళు తుడుచుకుంటూ.

వేపమండలూ బంతిపూలూ తెచ్చిన శేఫాలి గడప బయటే బుట్ట దించుకుని కూర్చుంది. రైలు గేటు దగ్గర పూలమ్ముతుంది. ఆమె కొడుకు బాపీది ఆ పక్కనే టీకొట్టు. హోలీ మర్నాడు పోలీసులొచ్చి బాపీని పట్టుకుపోయారు. సంచీలో గంజాయి దొరికిందన్నారు. బెయిలు రాలేదు. అప్పట్నించి కొట్టు మూసే ఉంది. తెలుగువాళ్ళకి పూలమ్మీ అమ్మీ ఆమెకి తెలుగు అర్థమవుతుంది. మాట్లాడేది మాత్రం బెంగాలీలోనే.

"మాసీ, మీ వాడు ఏ సంచి అడుగుతున్నాడు?"

"అమ్మవారి సంచి," అంది అప్పాయమ్మ, పూలు గంపలోకి ఒంపుకుంటూ.

శేఫాలి దండ తెగిన చోట దారం ముడేసింది. "మా బాపీకి సంచి ఎక్కడిది మాసీ? పుట్టి బుద్ధెరిగాక వాడి చేతిలో కెటిల్ తప్ప నేనేమీ చూడలేదు. ఎవరో స్నేహితుడు దాచమన్నాడట. ఎవరని కొట్టి అడిగినా చెప్పలేదట. వెధవ." ఆ చివరి మాట అంటూ ముక్కు చీదింది.

లోపల్నించి పిచ్చయ్య అందుకున్నాడు. "కొట్టాల్సిందే. ఇలాటోళ్ళని బయటికి రానియ్యకూడదు. మన పిల్లల్ని పాడుసేసేది ఈళ్ళే."

"పిచ్చయ్య దాదా," అంది శేఫాలి, తల లోపలికి పెట్టి, "హోలీ రోజు మీ వాకిట్లో భంగు నూరిన సిద్ధి గిన్నెలకి గిన్నెలు పంచారు. పోలీసులు కూడా తాగి నవ్వుతూ పోయారు. అదీ ఆ మొక్కే కదా?"

"అది దేవుడిది! ఆకు ఏరు, పొగ ఏరు."

"చట్టానికి ఏరు. బుర్రకి కూడా ఏరేనా?" అని బుట్ట తలకెత్తుకుని వెళ్ళిపోయింది.

అప్పాయమ్మ పూలగంప లోపల పెడుతూ తలుపు వెనక్కి చూసింది. అక్కడ మేకుకి ఎప్పుడూ హరి ఆఫీసు సంచి వేలాడుతుంది. నల్లసంచి. వాడు సాల్ట్ లేక్‌లో ఆఫీసుకి వెళ్ళొచ్చి ముందు చేసే పని అదే, సంచి మేకుకి తగిలించడం. మేకు ఖాళీగా ఉంది. ఎప్పట్నించి ఖాళీగా ఉందని ఆలోచిస్తే హోలీ ముందు రోజు దగ్గరికి వచ్చి ఆగింది.

పోయిన నెల వాడు అనకాపల్లి వెళ్ళొచ్చాడు. షాలిమార్‌లో రైలు దిగి ఇంటికొచ్చినప్పుడు ఆ సంచిని భుజం మీంచి తియ్యలేదు. అన్నం కూడా దాంతోనే తిన్నాడు. ఏముందిరా అంటే, ఆఫీసులో వాళ్ళకి బెల్లం మామ్మా అన్నాడు. ఒక ముక్క పెట్టరా అంటే, లెక్కగా తెచ్చాను, మళ్ళీసారి తెస్తానన్నాడు. అనకాపల్లి నించి బెల్లం తెచ్చి ఇంట్లో ముక్క పెట్టనివాడు ఎవడైనా ఉంటాడా అని ఆ రోజు తనకెందుకు తోచలేదు? తోచింది. తోచినా ఊరుకుంది.

పొద్దు వాలుతుండగా జనం పల్చబడ్డాక అప్పాయమ్మ కంచంలో అన్నం కలిపి తెచ్చింది. ఈ రెండు మూడు రోజులుగా వాడు ఎవరూ విప్పని బిస్కట్ పొట్లాలు తప్ప ఏమీ తినడం లేదు. పేటవాళ్ళు దాన్ని ఉపవాసమన్నారు.

"నా నాన్న కదూ, ఒక్క ముద్ద తిను. ఆనపకాయ పులుసు."

వాడు ఆమె చేతినే చూశాడు. ముద్ద పట్టుకున్న వేళ్ళని చూశాడు. గోడకి జరిగి, మోకాళ్ళు దగ్గరికి తీసుకుని, అమ్మవారి గొంతుతో కాదు, చిన్నప్పుడు పీడకల వచ్చి లేచినప్పటి గొంతుతో అడిగాడు:

"మామ్మా, నువ్వు కూడా వాళ్ళతో కలిసిపోయావా?"

ముద్ద ఆమె చేతిలోనే చల్లారింది.

తన మీదికి అమ్మ వచ్చినప్పుడు ఎలా ఉంటుందో అప్పాయమ్మ ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. కాళ్ళ కింద నేల మెత్తబడుతుంది. డప్పు చప్పుడు కడుపులోంచి వస్తుంది. ఆ తర్వాత ఏమీ తెలియదు. అమ్మ వెళ్ళిపోయాక మాత్రం ఒళ్ళంతా పుండులా ఉంటుంది, ఎక్కడ లేని ఆకలి వేస్తుంది. తిని పడుకుంటే మళ్ళీ తెల్లారే దాకా మనిషి కాదు. అమ్మ వస్తుంది, వెళ్తుంది. ఈ పిల్లాడి మీద కూర్చున్నది వెళ్ళడం లేదు.

వంటింట్లో కోడలితో అంది. "నీరజా, ఇది అమ్మ కాదు."

నీరజ బియ్యం డబ్బాలోంచి ఎవరో మర్చిపోయిన ఫోను తీసి తుడుస్తోంది. "నాకు తెలీదా అత్తా?"

"ఆస్పత్రికి తీస్కెల్దాం."

"తీస్కెల్తే ఏటడుగుతారు? పొగ తాగుతాడా అని అడుగుతారు. ఔనంటే రాస్తారు. రేపు రైల్వే మెడికల్ వాళ్ళ చేతికి ఆ కాగితమెల్తే? పోలీసుల చేతికెల్తే?" గొంతు తగ్గించింది. "ఉగాది దాటనీ. మెడికల్ అయిపోనీ. అందాకా అమ్మవారే ఉండనీ అత్తా. నువ్వన్నావు కాబట్టే అందరూ నమ్ముతున్నారు."

"నిద్రపోటం లేదే. సూసావా ఆడి పెదాలు?"

"నాకూ కళ్ళున్నాయి!" అని ఫోను గట్టిగా గట్టు మీద పెట్టింది నీరజ. "ఆ బాపీగాడి కొట్టులో కూర్చుని నేర్చుకున్నాడు. అలాటోళ్ళని ముందే లోపలేసుంటే నా పిల్లాడు బాగుండును."

అప్పాయమ్మ ఖాళీ మేకు సంగతి చెప్పబోయి, కోడలు తుడిచిన ఫోనునే మళ్ళీ తుడవడం చూసి ఆగిపోయింది. ఉగాది ఎంతో దూరం లేదు కదా అని తనకి తను చెప్పుకుంది.

కొత్తమాస నాడు ఘటానికి పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టి, వేపమండలు కట్టి, పైన ప్రమిదలో దీపం వెలిగించారు. జారకుండా, ఘటం కింద పెట్టుకునే గుడ్డ చుట్టకుదురుని అప్పాయమ్మ కొప్పుకి ముడేసింది దాలమ్మ. ఘటం తలకెక్కితే గుడి చేరేదాకా నేల తాకకూడదు. వర్షమొచ్చినా, కాలు విరిగినా అంతే. అప్పాయమ్మ ఎత్తడం మొదలెట్టాక ఎన్నడూ దించలేదు.

ముందు డప్పులు, వాటి వెనక హరిచరణ్, వాడి వెనక ఘటం. హరి ఒళ్ళంతా పసుపు, మెడలో దండలు, భుజానికి ఆ పసుపుసంచి. వాణ్ణి ఊరేగింపులోకి తేవద్దని అప్పాయమ్మ అంటే పిచ్చయ్య ఒప్పుకోలేదు. "అమ్మ తనంతట తనొస్తే ఎనక్కి నెట్టమంటావేటి వదినా?"

రైలు గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు వేసేశారు. డప్పులు ఆగకుండా అక్కడే నిలబడి మోగుతున్నాయి. పక్కనే బాపీ కొట్టు. రేకు దించి ఉంది. రేకు మీద ఎవరో సున్నంతో దొంగ అని రాశారు.

హరిచరణ్ ఆ రేకుని చూశాడు. "సంచి నాది!" అని అరిచాడు. "బాపీది కాదు, నాది! వాణ్ణొదిలీండి!" భుజం మీది సంచి లాగి విసిరేశాడు. బియ్యం రోడ్డంతా చిందాయి. వంగి, గేటు కింద నుంచి దూరి, పట్టాల వైపు నడిచాడు.

ఎవరూ పట్టుకోలేదు. అమ్మ మీదున్న మనిషిని తాకకూడదు. జనం రెండు పాయలుగా చీలి చేతులు జోడించారు. "అమ్మకి దారి! దారియ్యండి!" అని కేకేశాడు పిచ్చయ్య. డప్పులు ఇంకా పెరిగాయి. బేలూరు వైపు నించి లోకల్ రైలు కూత వినిపించింది. వాడు పట్టాల మధ్య నిలబడి, కూత వచ్చిన వైపు కాకుండా, కొట్టు వైపు చూస్తున్నాడు.

అప్పాయమ్మ రెండు చేతులూ ఘటం మీదున్నాయి.

ఆమె ఘటాన్ని దించి రోడ్డు మీద పెట్టింది.

గేటు కింద నుంచి ఎలా దూరిందో ఆమెకి తెలియదు. దండ పట్టుకుంటే దండ తెగింది. పసుపు ఒంటికి చెయ్యి జారిపోయింది. జుట్టు దొరికింది, పట్టుకుని లాగింది. వాడు తోసేశాడు. అప్పుడే పూలబుట్ట వదిలేసి వచ్చిన శేఫాలి వాణ్ణి వెనక నించి నడుం దగ్గర వాటేసుకుంది. ముగ్గురూ కంకర మీద పడ్డారు. లోకల్ పక్కనించి పోతున్నంతసేపూ గాలికి అప్పాయమ్మ కళ్ళు తెరవలేదు. గుప్పిట్లో మాత్రం జుట్టు ఉంది.

రైలు వెళ్ళాక డప్పులు ఆగి ఉన్నాయి. అందరూ గేటుకి అటువైపు నిలబడి, ఆమెని కాదు, రోడ్డు మీదున్న ఘటాన్ని చూస్తున్నారు. దీపం ఇంకా వెలుగుతోంది.

"ఎంత పని సేసేవు వదినా!" అన్నాడు పిచ్చయ్య.

"అమ్మ కాదు," అంది అప్పాయమ్మ. ఊపిరందక మళ్ళీ అంది. "అమ్మ కాదురా. గంజాయి. నాకు ముందే తెలుసు. నానే అబద్ధమాడేను. టాక్సీ పిలవండి."

పెద్దాస్పత్రిలో డాక్టరు చిన్న వయసు బెంగాలీ అమ్మాయి. ఇద్దరు వార్డుబాయిలు పట్టుకుంటే సూది వేసింది. మంచం పక్కన నిలబడి అడిగింది. "ఏమైనా నిషా అలవాటుందా? గాంజా?"

నీరజ అత్తగారి చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగేలా పట్టుకుంది.

"ఉంది," అంది అప్పాయమ్మ, తనకొచ్చిన బెంగాలీలో. "ఏడాది పైనుంచే. రోజూ."

నీరజ చెయ్యి వదిలేసింది. "మేడం, అది రాయొద్దు. పిల్లాడి ఉద్యోగం పోతుంది. పోలీసులు..."

"నేను పోలీసుని కాదు దిదీ. రాయకపోతే రేపు డ్యూటీకొచ్చే డాక్టరు ఇంకేదో అనుకుంటారు." కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె కూడా అలిసిపోయి ఉంది. "అందరూ ఇలాగే దాస్తారు. దిష్టి అంటారు, దెయ్యమంటారు. దాచి దాచి, చెయ్యి దాటాక తెస్తారు."

"మరి దుకాణాల్లో అమ్మనిస్తే దాచక్కర్లేదు కదా," అంది గుమ్మంలోంచి శేఫాలి. ఆమె మోచేతి మీద కంకర గీసుకుని రక్తం ఎండిపోయింది. "మా వాడు ఇంట్లో ఉండేవాడు."

"అమ్మనిస్తే ఇలాంటి పిల్లలు ఇంకెంతమంది వస్తారో!" అంది నీరజ, ఏడుపు ఆపుకుంటూ.

డాక్టరు ఇద్దర్నీ చూసింది. "కొంతమంది తాగుతారు, ఏమీ కాదు. కొంతమందికి బుర్ర ఇలా విరుగుతుంది. ఎవరికి విరుగుతుందో ముందు తెలీదు. అందరికీ దొరకాలని నేననలేను. తాగినవాణ్ణి జైల్లో పెడితే బాగుపడతాడనీ అనలేను." పెన్ను తీసింది. "నయమవుతుందా అని అడక్కండి, ఇప్పుడే చెప్పలేను. మళ్ళీ ముట్టుకోకపోతే ఆశ ఉంది. ఇదెక్కణ్ణించి వస్తోంది వీడికి? మళ్ళీ అక్కడికే వెళ్ళకుండా చూడాలి."

"రైలు గేటు దగ్గర బాపీ అని..." నీరజ అందుకుంది.

"కాదు," అంది అప్పాయమ్మ. డాక్టరుకి కాదు, గుమ్మం వైపు తిరిగి చెప్పింది. "అనకాపల్లి నించి వీడే తెచ్చాడు. మేకుకి సంచి లేనప్పుడే నేను అడగాల్సింది. ఆ సంచి మాది శేఫాలీ. నీ కొడుకు దాచాడంతే."

డాక్టరు కాగితం మీద పెన్ను ఆపి, ఆ మాట రాయకుండా, కింది గీతలోకి వెళ్ళిపోయింది. నీరజ గోడ వైపు తిరిగింది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

శేఫాలి గుమ్మానికి ఆనుకుని నిలబడి మంచం మీది పిల్లాణ్ణి చాలాసేపు చూసింది. పట్టాల మీంచి తను లాగిన పిల్లాడు. వాడి నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

"రేపు పొద్దున్న వకీలు దగ్గరికెళ్తున్నాను," అంది చివరికి. "ఈ మాట అక్కడ చెబుతావా మాసీ?"

అప్పాయమ్మ కోడలి వైపు చూసింది. నీరజ కొంగులో ఉన్న ఫోను మోగింది. తీసి విని, అత్తగారి వైపు చూడకుండానే, "పిచ్చయ్య మావ. ఘటం దాలమ్మ ఎత్తిందట. ఇంక నీకు ఇవ్వరట," అంది.

"మంచిది," అంది అప్పాయమ్మ. శేఫాలి వైపు తిరిగింది. "వస్తాను. చెప్తాను."

"అత్తా!" అంది నీరజ.

హరిచరణ్ నిద్రపోతున్నాడు. ఊపిరి బరువుగా, సమంగా వస్తోంది. అప్పాయమ్మ వంగి విన్నది. ఆ ఊపిరి వాడిదే. మంచానికి తలగడ లేదు, తల రెక్సిన్ మీద పక్కకి జారుతోంది. ఏదైనా గుడ్డ దొరుకుతుందా అని చుట్టూ చూస్తూ చెయ్యి తల మీద పెట్టుకుంటే, చుట్టకుదురు ఇంకా కొప్పుకే ఉంది. ఊరంతా దాంతోనే తిరిగింది కాబోలు.

ముడి విప్పడానికి వేళ్ళు ఆడలేదు. శేఫాలి దగ్గరికొచ్చి విప్పి ఇచ్చింది. అప్పాయమ్మ మనవడి తల ఒక చేత్తో మెల్లగా ఎత్తి, దాన్ని కింద సర్దింది.